కాకతీయ రాజనీతి - పరిశోధన మార్గము

కాకతీయుల పరిపాలనను గూర్చి వ్రాయువారు కొందఱు నీతిగ్రంథములతో మొదలిడి వానితోనే ముగించుచుందురు. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, శివదేవయ్య పురుషార్థసారము, మడికి సింగన సకలనీతిసమ్మతము - వీనిలోని పద్యములను గూర్చి ఓరుగల్లు ప్రభుత్వమిట్టిదని నిర్ణయింతురు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు. రాజు ఇట్లుండవలెనను మాట రాజు ఇట్లుండెననుటకు సాక్ష్యము కాజాలదు.

పైగా సకలనీతిసమ్మతము సంకలనగ్రంథము. 1323లో కాకతీయరాజ్యము పతనమైన పిమ్మట దాదాపు నూఱేండ్లకు పుట్టినది. పురుషార్థసారము మనకు సింగన ఉదాహరించిన పద్యములలోనే మిగిలియున్నది. ఆయన విడిచిన పద్యములెట్టివో ఎవరెఱుగుదురు? సింగన అభిరుచినే మనము శివదేవయ్య సిద్ధాంతమని చదువుకొనుచున్నామేమో!

శాసనములు వేఱుతీరున పలుకును. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (1244) చూడుడు. గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప మఱేమియు గొననని గణపతిదేవుడందు ప్రకటించెను. వర్తకుల భయమెట్టిదో, రేవు ఆదాయము రాజునకెంత ముఖ్యమో దీనివలన తెలియును. అయినను ఇది రాజు చేసిన వాగ్దానము. అది ఎంతవఱకు నెఱవేరెనో ఈ శాసనమే చెప్పదు.

సిద్ధాంతమును ముందుంచుకొని సాక్ష్యమును వెదకుట మఱియొక చిక్కు. చోళరాజ్యమును గూర్చి బర్టన్ స్టైన్ 1980లో విస్తరించి చెప్పిన ఖండరాజ్యవాదమును యథాతథముగా ఓరుగల్లునకు తగిలించుట సులభమే. సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథమున, దాతలెవరు, ఏ ప్రాంతమువారు, ఏ కాలమువారు అని ఆంధ్రదేశ శాసనములను రాశులుగా విభజించి పరిశీలించిరి. ఈ మార్గము మాకు మేలుగా తోచుచున్నది. ఒక్క శాసనమున కనబడని నాయకుల పెరుగుదల వందల శాసనములలో కనబడును.

ఒక్క శాసనమే చరిత్రను మార్చిన సందర్భము లేకపోలేదు. రుద్రమదేవి 1295 ప్రాంతమువఱకు పాలించెనని పూర్వచరిత్రకారులు తలచిరి. నల్లగొండ ప్రాంతమున దొరకిన చందుపట్ల శాసనము (1289) ఆమెకును, సేనాని మల్లికార్జుననాయకునకును పుణ్యముగా పువ్వుల ముమ్మడి యను సేవకుడు భూదానము చేసెనని తెలుపుచున్నది. కావున ఆమె అప్పటికే మరణించినది. అంబదేవునితో యుద్ధమున కూలెనని నేడు పాఠములందు చెప్పుచున్నాము. అంబదేవుని తిరుగుబాటు ఇతర శాసనములవలన తెలియును. రాణియు సేనానియు ఒక్కమాఱే మడియుట యుద్ధమును సూచించును. ఊహ బలమైనదే. కాని ముమ్మడి చెక్కించిన పంక్తులలో అంబదేవుని పేరు లేదు. విద్యార్థులకు ఆ పాఠము చెప్పునపుడు ఈ మాట కూడ చెప్పవలెను.