పదవీవిరమణ వయస్సు, గడువుకొలువు: మన బడులకు తెలియదగిన చరిత్ర

కొలువున ప్రవేశించుటకు అర్హతలెన్నో కావలయును. దానినుండి తొలగుటకు పుట్టినతేది యొక్కటి చాలును. శక్తి యున్నను, అనుభవము పండినను, నియమితమైన వయస్సు నిండగనే ఉద్యోగి తన స్థానమును విడువవలసినదే. ఈ నియమము తెలుగునాట ఎట్టి పరీక్షకు గురియయ్యెనో, పరరాష్ట్రములందు తెలుగు బడులను నిలుపుకొనుచున్న మనకు దానివలన తెలియదగిన దేమో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఆంగ్లేయుల పాలనలో, 1922లో అమలునకు వచ్చిన ఫండమెంటల్ రూల్సు అను సేవానియమములలో 56వది 55 ఏండ్లను సామాన్యముగా విరమణ వయస్సుగా నిర్ణయించెను. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వము దానిని 1962 డిసెంబరునుండి 58కిని, 1998లో 60కిని పెంచెను. రాష్ట్రములు తమ తమ త్రోవల నడచినవి. ఉత్తరప్రదేశ ప్రభుత్వము 1957లో 58కి పెంచి, 1961లో మరల 55కు దించగా, సుప్రీంకోర్టు ఆ తగ్గింపును సమర్థించెను.

ఆంధ్రప్రదేశమున విరమణ వయస్సు 1979 అక్టోబరులో 55నుండి 58కి పెరిగినది. 1983 జనవరిలో శ్రీ నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రులైరి. ఆ ఫిబ్రవరి 8వ తేదీన వెలువడిన ఉత్తరువు వయస్సును తిరిగి 55కు తగ్గించెను. అప్పటికే ఆ వయస్సు దాటినవారు 28వ తేదీకి కొలువు వీడవలయును. గడువు ఇరువది దినములు! 18,000 మందికి పైబడిన ప్రభుత్వోద్యోగులును, ప్రభుత్వరంగ సంస్థలలోని 10,000 మందియు ఒక్కమారుగా ఇంటిదారి పట్టిరి. మిగిలిన మూడేండ్ల జీతమును నమ్ముకొని బిడ్డ పెండ్లికో, ఇంటి నిర్మాణమునకో అప్పుచేసిన గృహస్థుని అవస్థ వేరుగ చెప్పవలసినది కాదు.

ప్రభుత్వమువారి వాదములోను బలము లేకపోలేదు. చదువుకొని పనిలేక తిరుగు యువకులకు చోటు కావలయును; క్రిందిశ్రేణివారికి పదోన్నతులు కావలయునని వారనిరి. కె. నాగరాజు వ్యాజ్యమున ప్రధానన్యాయమూర్తి శ్రీ వై. వి. చంద్రచూడ్‌గారు 1985 జనవరి 18న తీర్పు చెప్పుచు, ఈ తగ్గింపు రాజ్యాంగవిరుద్ధము కాదనిరి. వయోనిర్ణయము ప్రభుత్వ విధానమునకు సంబంధించినది. 55 ఏండ్లు అహేతుకమైన పరిమితి కాదు. నియమానుసారముగ విరమింపజేయుట శిక్షగా తొలగించుట కాదు. ఇవి ఆ తీర్పులోని ముఖ్యాంశములు.

అయితే ఆ తీర్పు వెలువడుటకు ముందే, 1984 ఆగస్టు 23నుండి, ఆర్డినెన్సు మూలమున వయస్సు మరల 58 ఏండ్లయ్యెను. కాని నడుమ ఇంటికి పంపబడినవారి మాటయేమి? పునరుద్ధరణ ఫలము వారికి దక్కలేదు. గుత్తి ప్రాంతపు తెలుగుబిడ్డయైన న్యాయమూర్తి శ్రీ ఓ. చిన్నప్పరెడ్డిగారు 1985 ఆగస్టులో బి. ప్రభాకరరావు వ్యాజ్యమున ఈ చిక్కును విడదీసిరి. 55 ఏండ్ల నియమము తగదని ప్రభుత్వమే వెనుకకు తీసికొన్నపుడు, దానివలన నష్టపడినవారినే వెలిబుచ్చుట సమానత్వ సూత్రమునకు విరుద్ధమనిరి. 58 నిండనివారిని తిరిగి కొలువున నిలుపవలెననియు, నిండినవారికి కోల్పోయిన జీతమును పరిహారముగ నీయవలెననియు ఆజ్ఞాపించిరి. రెండు తీర్పులను కలిపి చదువగా తేలునది యిది: వయస్సును మార్చు అధికారము ప్రభుత్వమునకు కలదు, ఆ మార్పులో కొందరిని అకారణముగ విడిచిపెట్టు అధికారము లేదు.

ఆ ఆగస్టు మాసముననే మరియొక మార్పు జరిగినది. దానిని గమనించినవారు తక్కువ. ఒప్పందపు గడువు తీరి, అది పొడిగింపబడనందున కొలువు పోయినచో దానిని సిబ్బంది తగ్గింపుగ నెంచరాదను సవరణ పారిశ్రామిక వివాదముల చట్టమున 1984 ఆగస్టు 18నుండి అమలయ్యెను. అనగా తగ్గింపునకు ఈయవలసిన నోటీసు గాని పరిహారము గాని అట్టివానికి లేదు. ఒకవంక స్థిరోద్యోగికి మూడేండ్లు కలిసివచ్చినవి. మరియొకవంక గడువుకొలువునకు చట్టమున చోటు దొరికినది. విరమణ వయస్సు కొలువు చివరిదినమును దూరముననే చూపును. గడువుకొలువు ఏటేట చివరిదినమును ముందుంచును.

ఇందు ఉపాధ్యాయుని స్థితి మరింత బలహీనము. బోధకుడు పై చట్టము ప్రకారము కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. తాత్కాలికముగ నియమింపబడినవారికి ఎన్నేండ్లు పనిచేసినను స్థిరత్వమును కోరు హక్కు లేదని, కర్ణాటకనుండి వచ్చిన ఉమాదేవి వ్యాజ్యమున 2006లో తేల్చినది. మంజూరైన ఖాళీలలో అర్హత గలిగి, న్యాయస్థానపు ఉత్తరువుల అండ లేకయే పదేండ్లు పనిచేసినవారికి మాత్రము ఒక్కమారు అవకాశ మీయవలెనని చెప్పినది.

ఇక మన బడుల సంగతి. అల్పసంఖ్యాక భాషాభాషుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధ కల్పించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. ఈ లెక్కలో ఒక చిక్కున్నది. తెలుగు అయ్యవారు విరమించి, ఆ చోటు ఒక యేడు ఖాళీగనున్నచో, తలిదండ్రులు పిల్లలను వేరు మాధ్యమమునకు మార్చుదురు. నలుబది ముప్పదియగును. పిల్లలు లేరు గనుక పంతులు అక్కరలేదందురు. పంతులు లేనందుననే పిల్లలు తగ్గిరని అడుగువా రుండరు.

ఇటీవల విరమణ వయస్సులు పెరిగినవి: తెలంగాణమున 2021లో 61కి, తమిళనాట అదే సంవత్సరమున 60కి, ఆంధ్రప్రదేశమున 2022 జనవరినుండి 62కు. ఇది మేలే. కాని రెండేండ్లు పెంచినంతమాత్రమున సమస్య తీరదు, వాయిదాపడును. నావంటి నలుబదులలోని బోధకులు నేడు కొలువున నున్నారు గనుక ఈ సంగతి సమాజమునకు కానరాకున్నది.

కావున మన సంఘములు చేయదగిన పని యొకటి కలదు. తమ ప్రాంతమున ఏ బడిలో ఏ తెలుగు ఉపాధ్యాయుడు ఏ తేదీన విరమించునో పట్టిక వ్రాసి యుంచుకొనవలయును. ఆ తేదీ అందరికి ముందే తెలిసినది; అకస్మాత్తుగా వచ్చునది కాదు. ఏడాది ముందుగనే విద్యాశాఖకు విన్నపము పంపి, ఆ చోటు రద్దుకాకుండ, గడువుకొలువుగ మారకుండ, స్థిరస్థానముగనే భర్తీయగునట్లు చూడవలయును. పంతులు విరమించుట ధర్మమే. పంతులుతోపాటు భాషయు విరమింపరాదు.