ఉద్యోగంతో పాటు బ్లాగు ఆదాయం

జీతం వచ్చే ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో సొంత బ్లాగు నడుపుతూ, అందులోని ప్రకటనలు, అమ్మకాల కమీషన్లు, ప్రాయోజిత రచనలు, పాఠకుల చందాల ద్వారా వ్యక్తులు సంపాదించుకునే అదనపు రాబడిని బ్లాగు ఆదాయం అంటారు. 1990ల చివర అమెరికాలో సరదా వ్యాపకంగా మొదలైన బ్లాగు రచనకు 2003 తరువాత నిలకడైన ఆదాయ మార్గం ఏర్పడింది. అప్పటి నుంచి ఇది కొందరికి పూర్తికాలపు వృత్తిగా మారినా, ఎక్కువమందికి జీతానికి తోడుగా వచ్చే చిన్న మొత్తంగానే మిగిలింది. ఒక పుటను ఎంతమంది చదివారన్న దానికంటే, ఆ పుట ఉన్న భాషలో ప్రకటన ఇవ్వడానికి ఎవరైనా ముందుకు వచ్చారా అన్నదే ఈ ఆదాయాన్ని ఎక్కువగా నిర్ణయించింది. తెలుగు బ్లాగుల అనుభవం ఇందుకు నిదర్శనం.

పేరు, పరిభాష

జాలంలో తాను చూసిన విశేషాలను రోజువారీగా నమోదు చేసే పుటకు జోర్న్ బార్గర్ అనే అమెరికన్ 1997 డిసెంబరులో 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్హోల్జ్ ఆ మాటను సరదాగా 'వి బ్లాగ్' అని విరిచి రాయడంతో 'బ్లాగ్' అనే పొట్టిమాట వాడుకలోకి వచ్చింది. తెలుగులో ఇది అజంతమై 'బ్లాగు' అయింది. బ్లాగులో ఒకసారి ప్రచురించే రచనను తెలుగు బ్లాగరులు 'టపా' అన్నారు. ఉత్తరాల బట్వాడాకు సంబంధించిన పాత మాటకు ఈ విధంగా కొత్త అర్థం కలిగింది. పాఠకుడు కింద రాసేది 'వ్యాఖ్య', అనేక బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపించే సైటు 'సంకలిని'.

పూర్వరంగం

ఉద్యోగం చేస్తూ రాయడం బ్లాగులతో పుట్టిన అలవాటు కాదు. కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా, రాచకొండ విశ్వనాథశాస్త్రి అదే ఊళ్ళో న్యాయవాదిగా పనిచేస్తూనే కథలు రాశారు. వార, మాసపత్రికలు రచయితలకిచ్చే పారితోషికం జీవనాధారం కాకపోయినా, రచనకు దక్కిన గౌరవానికి గుర్తుగా ఉండేది. బ్లాగు వచ్చాక మారింది డబ్బిచ్చే చేయి. పత్రికలో రచనను సంపాదకుడు చదివి, ఎంచి, ఇంత అని వెలకడతాడు. బ్లాగులో ఆ పని చేసే మనిషి లేడు. పుట తెరుచుకున్న క్షణంలో ప్రకటనదారుల మధ్య యంత్రం నడిపే వేలమే దాని వెలను తేలుస్తుంది.

ఆదాయ మార్గాల ఆవిర్భావం (1996–2003)

వ్యక్తిగత సైట్లకు అందుబాటులోకి వచ్చిన మొదటి మార్గాల్లో అమెజాన్ సంస్థ 1996లో ప్రారంభించిన అసోసియేట్స్ పథకం ముఖ్యమైనది. తన పుటలో ఒక పుస్తకానికి లంకె ఇచ్చినవారికి, ఆ లంకె ద్వారా వెళ్ళిన పాఠకుడు కొన్న వస్తువు ధరలో కొంత శాతం కమీషను ముట్టడం ఈ పద్ధతి సారాంశం. 1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ సంస్థ బ్లాగర్ సేవను ప్రారంభించడంతో ప్రోగ్రామింగు రానివారు కూడా నిమిషాల్లో బ్లాగు తెరవగలిగారు. 2002లో వచ్చిన బ్లాగ్‌యాడ్స్ ప్రకటనదారులను నేరుగా బ్లాగులతో కలిపింది. అయితే దాని వల్ల ప్రధానంగా లాభపడినవి అమెరికా రాజకీయాల మీద రాసే పేరున్న బ్లాగులు.

నిర్ణాయకమైన సంవత్సరం 2003. ఆ ఫిబ్రవరిలో గూగుల్ పైరా ల్యాబ్స్‌ను కొన్నది. ఏప్రిల్‌లో, పుటలోని విషయాన్ని గ్రహించి దానికి తగిన ప్రకటన ఎంపిక చేసే సాంకేతికత గల అప్లైడ్ సెమాంటిక్స్ సంస్థను కొన్నది. జూన్‌లో యాడ్‌సెన్స్ సేవను చిన్న సైట్లన్నిటికీ తెరిచింది. బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ తొలి రూపం విడుదలైంది కూడా ఆ ఏడాది మే నెలలోనే. యాడ్‌సెన్స్‌తో, ప్రకటనల కోసం ఎవరినీ అడగనవసరం లేకుండా, నాలుగు వరుసల కోడు అతికించుకుంటే చాలు, ఎవరి పుటకైనా ప్రకటనలు వచ్చే ఏర్పాటు కుదిరింది. పగలు వేరే ఉద్యోగంలో ఉండి ప్రకటనదారుల వెంట తిరిగే వీలు లేనివారికి ఇది ప్రత్యేకంగా కలిసివచ్చింది.

తొలితరం బ్లాగరులు, ఉద్యోగం

బ్లాగుకూ ఉద్యోగానికీ మధ్య ఘర్షణ ఆదాయం రాకముందే మొదలైంది. అమెరికాకు చెందిన హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ 'డూస్' అనే తన బ్లాగులో సహోద్యోగుల గురించి రాసిన కారణంగా 2002లో ఉద్యోగం కోల్పోయింది. ఆ తరువాత, బ్లాగు రాసినందుకు కొలువు పోవడాన్ని ఇంగ్లీషులో ఆ బ్లాగు పేరుతోనే చెప్పుకోసాగారు. కొన్నేళ్ళకు అదే బ్లాగులో ప్రకటనలు చేర్చగా, దాని రాబడి ఆమె కుటుంబానికి ప్రధాన ఆధారమైంది.

జేసన్ కాట్కీ 2005 ఫిబ్రవరిలో వెబ్ డిజైను ఉద్యోగం మాని, ప్రకటనలు లేకుండా కేవలం పాఠకుల విరాళాలతో బ్లాగు నడపడానికి పూనుకున్నాడు. సుమారు 1,450 మంది కలిసి దాదాపు 39,900 డాలర్లు ఇచ్చినా, అది ఏటా నిలిచే ఏర్పాటు కాదని గ్రహించి మరుసటి సంవత్సరమే ఆ పద్ధతిని విరమించుకున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన డారెన్ రౌస్ మరో దారి పట్టాడు. చర్చి సేవలోనూ ఇతర చిన్న పనుల్లోనూ ఉంటూ 2002లో బ్లాగు మొదలుపెట్టిన అతడు, రాబడి పెరిగినకొద్దీ పనిదినాలను తగ్గించుకుంటూ వచ్చి, 2004లో బ్లాగు సంపాదన గురించే 'ప్రోబ్లాగర్' అనే బ్లాగు స్థాపించాడు. అమెరికాలో ఒక వాస్తుశిల్ప సంస్థలో పనిచేస్తూ వృత్తి పరీక్షకు తాను తయారుచేసుకున్న నోట్సును బ్లాగులో పెట్టిన పాట్ ఫ్లిన్, 2008 మాంద్యంలో ఉద్యోగం పోయాక ఆ నోట్సునే ఈ-పుస్తకంగా అమ్మి మొదటి నెలలోనే 7,900 డాలర్లు గడించాడు. నెలనెలా తన రాబడి లెక్కను బహిరంగంగా ప్రకటించే ఆనవాయితీ అతని ద్వారానే బాగా ప్రచారం పొందింది. ఈ లెక్కలు చూసి ఉద్యోగాలు మానాలని కలగన్నవారు ఎందరో ఉన్నా, పెద్ద మొత్తాలు చూపిన బ్లాగుల్లో చాలావాటి విషయం 'బ్లాగుతో సంపాదించడం ఎలా' అన్నదే కావడం గమనించదగ్గది.

పనిచేసే తీరు

ప్రకటన ఆదాయం రెండు విధాలుగా లెక్కకు వస్తుంది: పాఠకుడు ప్రకటనను నొక్కినందుకు ఇచ్చేది ఒకటి, ప్రకటన కంటపడినందుకు వెయ్యి వీక్షణల చొప్పున ఇచ్చేది రెండవది. యాడ్‌సెన్స్ చాలాకాలం ప్రధానంగా మొదటి పద్ధతిలో నడిచింది. ప్రకటనదారు ఇచ్చిన దానిలో సైటు యజమానికి 68 శాతం వాటా దక్కుతుందని గూగుల్ 2010లో వెల్లడించింది. అంటే పది రూపాయల నొక్కుకు బ్లాగరు చేతికి ఆరు రూపాయల ఎనభై పైసలు వచ్చేవి.

ఖాతాలో పది డాలర్లు చేరిన తరువాత, బ్లాగరు చిరునామా నిజమైనదో కాదో తేల్చుకోవడానికి గూగుల్ మామూలు టపాలో ఒక కాగితం పంపుతుంది. దాన్ని విప్పితే లోపల ఆరంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ఖాతాలో నమోదు చేస్తేనే చెల్లింపులు సాగుతాయి. తెరమీద పుట్టి తెరమీదే సాగే ఈ వ్యవహారంలో ఇప్పుడు పోస్ట్‌మ్యాన్ ఇంటి తలుపు తట్టే ఘట్టం ఇదొక్కటే. ఇంటి నంబరు సరిగా లేని పల్లెల్లో ఆ కాగితం అందక, నెలల తరబడి తిరిగి తెప్పించుకోవలసి రావడం బ్లాగరులకు తెలిసిన తిప్పలే. చెల్లింపుకు కనీస హద్దు 100 డాలర్లు. అంతకు తక్కువైతే మొత్తం తరువాతి నెలకు జమ అవుతుంది. వెయ్యి వీక్షణలకు అర డాలరు వస్తుందనుకుంటే, ఆ హద్దు చేరడానికి రెండు లక్షల వీక్షణలు కావాలి. భారతదేశానికి మొదట్లో ఈ సొమ్ము చెక్కు రూపంలో వచ్చేది. తరువాత నేరుగా బ్యాంకు ఖాతాలో పడసాగింది.

భారతదేశంలో

రూర్కీ ఐఐటీలో కంప్యూటరు ఇంజనీరింగు చదివిన అమిత్ అగర్వాల్ 2004లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి బ్లాగు రచననే వృత్తిగా చేపట్టాడు. దేశంలో తొలి వృత్తి బ్లాగరుగా అతన్ని పేర్కొంటారు. అతని తరువాత వచ్చిన భారతీయ బ్లాగరుల్లోనూ ఎక్కువమంది ఇంగ్లీషులో, సాంకేతిక విషయాల మీద రాశారు. అమెరికా పాఠకులు వచ్చే పుటకు అక్కడి ప్రకటనదారులు డాలర్లలో వేలం పాడతారు. ఆ మొత్తం ఇక్కడ రూపాయల్లోకి మారితే చెప్పుకోదగ్గదవుతుంది. ఇంగ్లీషు ఎంపికకు పాఠకుల సంఖ్యతో పాటు ఈ లెక్క కూడా కారణమే.

తెలుగు బ్లాగులు

అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన 'ఈమాట' జాలపత్రిక వంటివి తెలుగు జాల రచనకు తొలి పునాదులు వేశాయి. యూనికోడ్ ప్రమాణం, దానికి తెలుగులో మద్దతిచ్చే ఆపరేటింగ్ సిస్టములు వచ్చాక, రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగు లిపిగా మార్చే 'లేఖిని', కొత్త టపాలను ఒకచోట చేర్చే 'కూడలి' 2000ల దశకం మధ్యలో బ్లాగులకు ఊపిరి పోశాయి. ఈ రెండింటినీ తయారుచేసిన వీవెన్ స్వయంగా జాల సాంకేతిక రంగంలో పనిచేసేవారే. రాసేవారిలోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ప్రవాసులు, అధ్యాపకులు ఎక్కువగా కనిపించారు. సాహిత్యం, సినిమా, భాషాచర్చ, బాల్యస్మృతులు, వంటలు ప్రధాన విషయాలయ్యాయి.

ఈ బ్లాగులకు పాఠకులున్నా ఆదాయం లేదు. యాడ్‌సెన్స్ గుర్తించిన భాషల జాబితాలో తెలుగు లేనందువల్ల, ప్రధానంగా తెలుగులో ఉన్న పుటల్లో ఆ ప్రకటనలు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. హిందీకి 2014లో, బెంగాలీకి 2017లో, తమిళానికి 2018 ఆరంభంలో, తెలుగుకు అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ అవకాశం దక్కింది. అంటే సేవ మొదలైన పదిహేనేళ్ళకు గాని తెలుగు టపాకు వెలకట్టే ఏర్పాటు రాలేదు. అప్పటికే వ్యాఖ్యలూ చర్చలూ ఫేస్‌బుక్‌కు, కబుర్లు వాట్సాప్‌కు, సంపాదన ఆశ యూట్యూబుకు తరలిపోయాయి. డబ్బు ప్రసక్తి లేకపోవడం తెలుగు బ్లాగులకు కొంత మేలూ చేసింది: ఏ మాట వెతికితే పాఠకులు వస్తారన్న చింత లేక, రాయాలనుకున్నదే రాసే స్వేచ్ఛ ఆ తరానికి మిగిలింది.

ఇందుకు భిన్నంగా తెలుగు రాష్ట్రాల్లో ప్రకటనలతో నిలదొక్కుకున్న బ్లాగులు సమాచారం అందించేవి. ఉద్యోగ ప్రకటనలు, పరీక్షా ఫలితాల లంకెలు, ప్రభుత్వ ఉత్తర్వులు (జీవోలు), వేతన సవరణ (పీఆర్సీ) పట్టికలు, ఆదాయపు పన్ను లెక్కకట్టే ఎక్సెల్ ఫైళ్ళు పంచే ఉపాధ్యాయ బ్లాగులు వీటిలో ప్రత్యేకమైన శాఖ. ఇవి చాలావరకు ఇంగ్లీషు ప్రధానంగా, తెలుగు కలిపి నడిచేవి. వీటి రాబడి పంటల్లాగా కాలాన్నిబట్టి మారేది: పదో తరగతి ఫలితాల రోజున, పీఆర్సీ జీవో వెలువడిన సాయంత్రం, ఫిబ్రవరిలో పన్ను లెక్కలు సమర్పించే వారాల్లో పాఠకులు విరగబడేవారు; మిగతా రోజుల్లో పుట వెలవెలబోయేది.

ఉద్యోగ నియమాలు, పన్ను, వెల్లడి

ప్రభుత్వోద్యోగి బ్లాగు ఆదాయానికి ప్రవర్తన నియమాలు హద్దు గీస్తాయి. కేంద్ర సివిల్ సర్వీసుల (ప్రవర్తన) నియమాలు, 1964లోని 15వ నియమం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదంటూనే, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్రీయ రచనకు అనుమతి అవసరం లేదంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు కూడా 1964 నాటి ప్రవర్తన నియమావళి వేరుగా ఉంది. నెలనెలా ప్రకటనల డబ్బు తెచ్చే బ్లాగు 'అప్పుడప్పుడు చేసే రచన' అవుతుందా, వ్యాపారమవుతుందా అన్నది బ్లాగులు పుట్టకముందు రాసిన నియమంలో దొరకని జవాబు కాబట్టి, అనుమతి తీసుకోవడమే క్షేమం. ప్రైవేటు కొలువుల్లో నియామక ఒప్పందాలే ప్రమాణం. ఒక ఉద్యోగంలో ఉంటూ చాటుగా మరో పని చేయడాన్ని ఐటీ రంగంలో 'మూన్‌లైటింగ్' అంటారు. 2022లో దీని మీద దేశమంతటా వాదోపవాదాలు సాగాయి. బ్లాగు రాబడిని జీతంతో పాటు ఆదాయపు పన్ను రిటర్నులో చూపడం తప్పనిసరి.

డబ్బు తీసుకుని ఒక వస్తువును మెచ్చుకునే 'ప్రాయోజిత టపా' 2000ల రెండవ భాగంలో ప్రబలింది. ఆ సంగతి పాఠకుడికి చెప్పి తీరాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో మార్గదర్శకాలు సవరించింది. భారతదేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనూ, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనూ ఇటువంటి నిబంధనలు తెచ్చాయి.

తరువాతి దశ

బ్లాగులకు పాఠకులను పంపే ద్వారం ప్రధానంగా గూగుల్ వెతుకుడు యంత్రమే కావడంతో, దాని లెక్కింపులో వచ్చిన ప్రతి మార్పూ రాబడిని తలకిందులు చేసింది. నాసిరకం పుటలను వెనక్కి నెట్టేందుకు 2011లో తెచ్చిన 'పాండా' మార్పు అందులో మొదటి పెద్ద దెబ్బ. 2013లో గూగుల్ రీడర్ మూతపడటంతో, బ్లాగులను క్రమం తప్పక అనుసరించే పాఠకులకు అలవాటైన సాధనం ఒకటి కనుమరుగైంది. 2013లో పేట్రియాన్, 2017లో సబ్‌స్టాక్ వంటి వేదికలు రావడంతో, కాట్కీ వదిలేసిన పాఠకుల చందా పద్ధతి మళ్ళీ ప్రాణం పోసుకుంది. 2024 నుంచి వెతుకుడు ఫలితాల పైభాగంలోనే కృత్రిమ మేధ రాసిన జవాబు కనిపిస్తూండటంతో, సమాచారం అందించే బ్లాగుల దాకా పాఠకుడు వెళ్ళవలసిన అవసరం తగ్గుతోంది.

యాడ్‌సెన్స్ తన చెల్లింపును నొక్కుల లెక్క నుంచి వీక్షణల లెక్కకు మారుస్తున్నట్టు 2023 నవంబరులో ప్రకటించింది. రెండు దశాబ్దాల్లో వేదికలు, భాషలు, లెక్కలు ఇన్ని మారినా, జీతం మీద బతుకుతూ రాసే బ్లాగరు ప్రతి నెలా తొంగిచూసే 100 డాలర్ల హద్దు మాత్రం మారలేదు.