చంద్రుడి అవతలి వైపు టెలిస్కోపులు: ఎందుకు? ఎలా?

రంజాన్ నెలవంక అయినా, నిండు పున్నమి అయినా మనకు కనిపించేది చంద్రుడి ఒకే ముఖం. అవతలి వైపు భూమి మీద నుంచి ఎప్పుడూ కనపడదు. రేడియో అబ్జర్వేటరీలకు అన్నిటికంటే మంచి చోటు అదేనంటున్నారు ఖగోళ శాస్త్రవేత్తలు.

అక్కడే ఎందుకు?

భూమి చుట్టూ ఉన్న గాలి అతినీలలోహిత కిరణాల్లో చాలావరకు ఆపేస్తుంది. పైనున్న అయనోస్ఫియర్ పొర సుమారు 10 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ రేడియో తరంగాలను కిందికి రానివ్వదు. దీనికి తోడు టీవీ, ఎఫ్ఎం, మొబైల్, శాటిలైట్ల రొద. చంద్రుడి మీద గాలి దాదాపు లేదు. అవతలి వైపుకు భూమి రొద చేరకుండా 3,474 కిలోమీటర్ల వ్యాసమున్న చంద్రుడే అడ్డుగోడ. మొదటి నక్షత్రాలు పుట్టకముందు హైడ్రోజన్ నుంచి వెలువడిన బలహీనమైన సంకేతాలు అక్కడ దొరుకుతాయని ఆశ.

ఇప్పటిదాకా ఏం జరిగింది?

1972 ఏప్రిల్: అపోలో 16 వ్యోమగాములు జార్జ్ కరూథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరాను నిలబెట్టారు. చంద్రుడి మీద మొదటి టెలిస్కోపు ఇదే.

2013 డిసెంబర్: చైనా చాంగ్ఈ-3తో 15 సెంటీమీటర్ల టెలిస్కోపు దిగింది.

2019 జనవరి 3: చాంగ్ఈ-4 అవతలి వైపు దిగిన మొదటి నౌక అయింది. అందులో తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో పరికరం కూడా ఉంది.

2024 ఫిబ్రవరి: దక్షిణ ధ్రువం దగ్గర నాసా రేడియో పరికరంతో దిగిన ఒడిస్సియస్ ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది.

కష్టాలేంటి?

అక్కడ రాత్రి మన లెక్కలో దాదాపు 14 రోజులు. ఎండ లేక సోలార్ కరెంటు రాదు, చలి మైనస్ 130 డిగ్రీలు దాటుతుంది. పదునైన ధూళి పరికరాలకు అంటుకుంటుంది. అవతలి వైపు నుంచి నేరుగా మాట్లాడటం కుదరదు కాబట్టి చైనా ముందుగా 2018లోనే చుయెచియావో అనే రిలే శాటిలైట్ పంపింది. ఒక బిలంలోనే రోబోలతో తీగల వల పరిచి పెద్ద రేడియో టెలిస్కోపు కట్టాలన్న ఆలోచనను నాసా శాస్త్రవేత్తలు పరిశీలించారు.

నిశ్శబ్దం నిలుస్తుందా?

అసలు చిక్కు ఇక్కడుంది. అవతలి వైపును రేడియో రొద నుంచి కాపాడాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల్లో ఉంది. అయితే చంద్రుడి చుట్టూ శాటిలైట్లు, నేల మీద ల్యాండర్లు పెరిగేకొద్దీ ఆ రొద అక్కడికీ చేరుతుంది. ఆ నిశ్శబ్దం పోతే, ఇంత దగ్గరలో అలాంటి చోటు ఇంకోటి లేదు.

ఆ వైపునే ఒక బిలానికి వెయ్యేళ్ల కిందటి ఖగోళ పండితుడు అల్ బెరూనీ పేరు ఉంది.