నెలలు నిండని శిశువు: వెచ్చదనము, రాత్రింబవళ్ళు

గర్భమున శిశువు సుమారు 40 వారములు పెరుగును. 37 వారములు నిండకముందే పుట్టిన వానిని నెలలు నిండని శిశువందురు. అట్టి శిశువు రెండింటిని ముందుగానే కోల్పోవును. ఒకటి గర్భములోని వెచ్చదనము. రెండవది తల్లి దేహమునుండి అందుచుండిన రాత్రింబవళ్ళ సూచన. మొదటి లోపమును తీర్చు యత్నము 19వ శతాబ్దిలోనే సాగినది. రెండవ దానిపై దృష్టి పడుటకు మరి నూరేండ్లు పట్టినది.

పారిస్ నగరమున ప్రసూతి వైద్యుడైన స్తెఫాన్ తార్నియే ఒక జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెలను చూచెను. అట్టి పెట్టెలో శిశువునేల ఉంచరాదు? ఈ ఆలోచనతో ఆ శాలకు చెందిన ఒడీల్ మార్తాన్‌చే పెట్టెను చేయించి, 1880లో తన ఆసుపత్రిలో నెలకొల్పెను. అడుగు అరలో వేడినీరు, పై అరలో శిశువు. 2 కిలోగ్రాములకు తక్కువ తూగు శిశువుల మరణములు నూటికి 66 నుండి 38కి తగ్గెను.

వెచ్చదనమున కింత ప్రాముఖ్య మేల? చెంబులోని వేడినీరు గుండిగలోని నీటికన్న త్వరగా చల్లారును గదా! శరీరము చిన్నదైనకొలది, బరువుతో పోల్చినచో చర్మవైశాల్య మెక్కువ. పెద్దలు చలికి వణకి వేడి పుట్టించుకొందురు. పసివాడు వణకుటకు మారుగా, మెడ, భుజముల నడుమ గల గోధుమరంగు క్రొవ్వును మండించుకొనును. ఆక్స్‌ఫర్డులో డాకిన్స్, హల్ అను శాస్త్రజ్ఞులు కుందేటి పిల్లలపై జరిపిన పరిశోధనలు 1964లో దీనిని స్పష్టపరచినవి. ఈ క్రొవ్వు హెచ్చుగా చేరునది గర్భవాసపు చివరి నెలలలోనే. కావున ముందు పుట్టినవాని నిల్వ స్వల్పము. చలి తగిలినచో, పెరుగుదలకు చెందవలసిన ఆహారము, ప్రాణవాయువు వేడికే వ్యయమగును.

1958లో న్యూయార్కు వైద్యుడు విలియం సిల్వర్మన్ తన సహచరులతో ప్రకటించిన పరీక్ష దీనికి తార్కాణము. పెట్టె ఉష్ణోగ్రత 28.9 డిగ్రీలు కాక 31.7 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నపుడు, బ్రతికిన శిశువులు నూటికి సుమారు 15 మంది ఎక్కువైరి. మూడు డిగ్రీలకు లోబడిన తేడా!

ఇక రెండవ లోపము. తల్లి రక్తమున రాత్రివేళ హెచ్చు మెలటోనిన్ అను హార్మోను మావి ద్వారా శిశువును చేరును. ముందు పుట్టినవాని కది ఆగిపోవును. శిశువు రంగును, శ్వాసను ఎల్లవేళల గమనించుటకై ఆసుపత్రులలో రేయింబవళ్ళు దీపములు వెలిగించిరి. ఉద్దేశము మంచిదే, కాని శిశువునకు రాత్రి లేకపోయెను.

1986లో ఇంగ్లండున ప్రకటితమైన పరీక్షలో 41 మంది శిశువులను రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు సాయంకాలము 7 నుండి ఉదయము 7 వరకు వెలుతురు, చప్పుడు తగ్గించిరి. ఇంటికి వెళ్ళిన పిమ్మట ఆ శిశువులు ఎక్కువసేపు నిద్రించి, ఎక్కువ బరువు పెరిగిరి. సంఖ్య చిన్నదే, ఐనను, చీకటియు శిశుపోషణలో ఒక భాగమే కావచ్చునని అది సూచించినది. నేడు పెక్కు ఆసుపత్రులలో రాత్రివేళ ఆ పెట్టెలపై గుడ్డ కప్పుదురు.