రెటినాల్ కథ: జైలు గోడల నుంచి అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. తప్పు ఎవరిదో కాదు, నాదే.

పోయిన ఏడాది అమ్మ పుట్టినరోజుకి ఒక రెటినాల్ సీరమ్ కొనిచ్చా. అమ్మకి 49 ఏళ్లు. నాలుగు రీల్స్ చూసి, పది రివ్యూలు చదివి, ఉన్నవాటిలో అన్నిటికంటే స్ట్రాంగ్‌ది, 1 శాతంది ఆర్డర్ పెట్టా. "రోజూ రాత్రి రాసుకో అమ్మా, ముడతలు పోతాయి" అని చెప్పి హైదరాబాద్ వచ్చేశా. మూడు వారాల తర్వాత పిన్ని కూతురి పెళ్లికి ఊరెళ్తే, అమ్మ బుగ్గలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పెదాల పక్కన పొట్టు లేచిపోతోంది. పెళ్లి ఫోటోల్లో ముందు వరసలో అమ్మ ఎక్కడా లేదు.

"మానెయ్యొచ్చు కదమ్మా" అంటే, "నువ్వు ముచ్చటపడి కొనిచ్చావు కదా నాన్నా, మానేస్తే బాధపడతావని" అంది. కాసేపాగి ఇంకో మాట కూడా చెప్పింది. ఏడాదిగా నెలసరి సరిగ్గా రావట్లేదట. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడి ఆవిర్లు వస్తున్నాయట. చర్మం కూడా మునుపటిలా లేదట. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య ఈ మాట రావడం అదే మొదటిసారి.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు టెస్టింగ్ చేయకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడితే మా టీమ్ లీడ్ ఊరుకునేవాడు కాదు. అమ్మ ముఖం మీద మాత్రం నేను సరిగ్గా అదే పని చేశా. అందుకే కూర్చుని ఈ రెటినాల్ ఎక్కణ్నుంచి వచ్చిందో మొత్తం తవ్వాను. తవ్వేకొద్దీ కథ పెద్దదైంది.

ముందు బేసిక్స్. రెటినాల్ అంటే కొత్త కెమికల్ ఏమీ కాదు, విటమిన్ ఏ. కార్జం తింటే రేచీకటి తగ్గుతుందని వేల ఏళ్ల క్రితమే జనానికి తెలుసు. ఎందుకు తగ్గుతుందో తెలీదు, అంతే. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఎల్మర్ మెకాలమ్, మార్గరీట్ డేవిస్ కలిసి ఎలుకల మీద పరిశోధన చేసి, వెన్నలో, గుడ్డు సొనలో పెరుగుదలకి అవసరమైన ఒక పదార్థం ఉందని చూపించారు. దానికే తర్వాత విటమిన్ ఏ అని పేరొచ్చింది. 1931లో స్విట్జర్లాండ్‌లో పాల్ కారర్ దాని నిర్మాణం కనిపెట్టాడు. 1937లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన హైదరాబాద్ వస్తుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, మనం బస్సులో దాటిపోతూ బోర్డు చూసి వదిలేసే చోటు. విటమిన్ ఏ లోపంతో పిల్లలకి చూపు పోకుండా, ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల డోసు నోట్లో వెయ్యడం అనే పద్ధతి వెనక ఆ సంస్థ పరిశోధన ఉంది. 1970లో అది జాతీయ కార్యక్రమం అయింది. అంగన్‌వాడీలో చెంచాతో పసుపురంగు మందు తాగిన గుర్తు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అది కూడా ఈ విటమినే. అక్కడ మాత్రం ఎంత వెయ్యాలి, ఎన్నాళ్లకి వెయ్యాలి అనేది లెక్క ప్రకారం జరిగింది. ఈ 'లెక్క' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇప్పుడు ఫిలడెల్ఫియా వెళ్దాం. అక్కడ హోమ్స్‌బర్గ్ అని ఒక జైలు. 1951లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ఆ జైల్లో అడుగుపెట్టాడు. ఖైదీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. చాలామందికి ఇంకా శిక్ష కూడా పడలేదు, బెయిల్‌కి డబ్బుల్లేక లోపల ఉన్నారు. చిన్న మొత్తాలు చేతిలో పెట్టి, వాళ్ల చర్మం మీద రెండు దశాబ్దాలకి పైగా ప్రయోగాలు చేశారు. క్రీములు, షాంపూలే కాదు. డౌ కెమికల్ కంపెనీ కోసం డయాక్సిన్ లాంటి విషాన్ని కూడా రాశారు. ఏం రాస్తున్నారో, దాని వల్ల ఏమవుతుందో వాళ్లకి సరిగ్గా చెప్పలేదు.

అదే జైల్లో, అదే కాలంలో, విటమిన్ ఏ నుంచి వచ్చే ట్రెటినాయిన్ అనే ఆమ్లాన్ని కూడా పరీక్షించారు. 1971లో మొటిమల మందుగా దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. రెటిన్-ఏ అన్న పేరు విన్నారు కదా, అదే. జైలు ప్రయోగాలు 1974లో ఆగాయి. 1998లో అలెన్ హార్న్‌బ్లమ్ 'ఎకర్స్ ఆఫ్ స్కిన్' అనే పుస్తకం రాశాక ఈ కథ జనానికి బాగా తెలిసింది. తర్వాత మాజీ ఖైదీలు దాదాపు 300 మంది కేసు వేశారు. గడువు దాటిపోయిందని కోర్టు కొట్టేసింది. యూనివర్సిటీ వైద్య విభాగం 2021లో, ఫిలడెల్ఫియా నగరం 2022లో క్షమాపణ చెప్పాయి. క్లిగ్మన్ 2010లోనే చనిపోయాడు. తను తప్పు చేశానని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మరి మొటిమల మందు ముడతల మందు ఎలా అయింది? దీన్ని ముందు గమనించింది డాక్టర్లు కాదు, ఆడవాళ్లు. మొటిమల కోసం రెటిన్-ఏ వాడుతున్న నడివయసు మహిళలు, చర్మం నునుపుగా అవుతోందని, సన్న ముడతలు తగ్గుతున్నాయని క్లిగ్మన్‌కి చెప్పారు. ఆయన ఆ మాట పట్టుకుని పరిశోధన చేసి 1986లో పేపర్ రాశాడు. 1988 జనవరిలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 30 మందితో, 16 వారాల పాటు, ఒకవైపు మందు, ఇంకోవైపు మందు లేని క్రీము పెట్టి చేసిన పరీక్ష బయటికొచ్చింది. మందు పనిచేసింది. చర్మం మండటం, ఎర్రబడటం కూడా మామూలుగానే కనిపించింది. అయితే వార్తల్లో మొదటి సగమే పెద్ద అక్షరాల్లో వచ్చింది. అమెరికా మందుల షాపుల్లో ట్యూబులు ఖాళీ అయిపోయాయి. సన్న ముడతలకని అధికారికంగా అనుమతి వచ్చింది మాత్రం 1995 చివర్లో. అంటే ఏడేళ్లకి పైగా జనం అనుమతి కంటే ముందే పరిగెత్తారు. నేను రీల్స్ చూసి ఆర్డర్ పెట్టినట్టే!

ఇప్పుడు మెనోపాజ్ దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో ముట్లుడగడం అంటారు. 1941లోనే బోస్టన్ డాక్టర్ ఫుల్లర్ ఆల్‌బ్రైట్, నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో చర్మం కూడా పల్చబడుతోందని రాశాడు. 1980ల్లో లండన్‌లో మార్క్ బ్రింకాట్ బృందం దాన్ని కొలిచి చూపించింది. నెలసరి ఆగిన మొదటి 5 ఏళ్లలో చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గుతుందని, ఆ తర్వాత ఏడాదికి సుమారు 2 శాతం చొప్పున తగ్గుతూ పోతుందని అప్పట్నుంచి చెప్పుకుంటున్నారు. ఇందులో అసలు పాయింట్ ఏంటంటే, ఆ తగ్గుదల ఆమె వయసుని బట్టి కాదు, నెలసరి ఆగి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టి ఉంది. అంటే 45కే ఆగిన అమ్మకి, 53కి ఆగిన పెద్దమ్మకి, 55వ ఏట చర్మం ఒకేలా ఉండదు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతుంది కాబట్టి ఇది మనకి ఇంకా ముఖ్యం.

ఈస్ట్రోజెన్ తగ్గితే నూనె తగ్గుతుంది, తేమ నిలవదు, పైపొర బలహీనపడుతుంది. రెటినాల్ ఏం చేస్తుంది? చర్మంలోకి వెళ్లి రెండు మెట్లు ఎక్కి రెటినాయిక్ ఆమ్లంగా మారుతుంది. కణాల్లో దాన్ని అందుకునే రిసెప్టర్లని 1987లో పియర్ షాంబో, రొనాల్డ్ ఎవాన్స్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఆ సిగ్నల్ అందితే కణాలు త్వరగా మారతాయి, కొల్లాజెన్ తయారీ పెరుగుతుంది. పాత పొర గబగబా రాలుతుంది. నా 27 ఏళ్ల జిడ్డు ముఖం ఆ స్పీడు తట్టుకుంటుంది. అమ్మ ముఖం తట్టుకోలేదు. రెటినాల్ మంచిదే. డోసు, స్పీడు మాత్రం అమ్మవి కావు, నావి.

పెద్ద వయసులో ఇక పనిచెయ్యదా అంటే, చేస్తుంది. 2007లో మిషిగన్ వాళ్లే సగటున 87 ఏళ్లున్న 36 మంది చేతులకి 0.4 శాతం రెటినాల్ రాశారు. వారానికి 3 సార్ల దాకా, 24 వారాలు. సన్న ముడతలు తగ్గాయి. మళ్లీ చూడండి, రోజూ రాయలేదు. యూరోపియన్ యూనియన్ అయితే 2024లో రూలే పెట్టింది. షాపులో అమ్మే ముఖం క్రీముల్లో రెటినాల్ 0.3 శాతం దాటకూడదు. నేను అమ్మకిచ్చింది దానికి మూడు రెట్ల పైనే!

ఇంకో విషయం చెప్పకపోతే ఈ ఎపిసోడ్ పూర్తవదు. మంగు మచ్చలకని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబులు ప్రతి ఇంట్లో కనిపిస్తాయి. చాలావాటిలో మూడు మందులుంటాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ఈ మూడింటి కలయిక మూలం కూడా 1975లో క్లిగ్మన్ తయారుచేసిందే. డాక్టర్ చూపులో కొన్ని వారాలు వాడాల్సిన మందుని మన ఆంటీలు తెల్లబడే క్రీము అనుకుని ఏళ్ల తరబడి రాస్తున్నారు. స్టెరాయిడ్ వల్ల చర్మం ఇంకా పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు 14 రకాలని చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. ఈ రోజు ఇంటికెళ్లి అమ్మ అల్మారాలో ట్యూబు తిప్పి పేరు చదవండి. పేరు చివర 'సోన్' అని గాని, 'సాల్' అని గాని ఉంటే, అలాగే వాడుతూ పోకుండా, ఒక్కసారిగా ఆపెయ్యకుండా, చర్మ డాక్టర్‌కి చూపించండి.

సరే, రెటినాల్ ఎలా వాడాలి? డాక్టర్‌ని అడిగి మేం ఇంట్లో ఫాలో అవుతున్న లెక్క ఇది.

ముందు చర్మం పూర్తిగా మామూలయ్యేదాకా అన్నీ బంద్. మా అమ్మకి ఆరు వారాలు పట్టింది. తర్వాత 0.1 శాతం నుంచి మొదలు. మొదట చెవి వెనక కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడాలి. ముఖానికి వారంలో రెండు రాత్రులే. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్, దాని మీద బఠాణీ గింజంత రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్. కళ్ల అంచులు, ముక్కు మూలలు, పెదాల చివరలు వదిలెయ్యాలి. ఒక నెల ఏ ఇబ్బందీ లేకపోతేనే మూడో రాత్రి. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి, వాకిట్లో ముగ్గేసినా సరే. రెటినాల్ రాసే రోజుల్లో సున్నిపిండి నలుగు, స్క్రబ్, బ్లీచ్, వ్యాక్సింగ్ వద్దు. ఫలితం కావాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. మండుతుంటే ఓర్చుకోవడం గొప్ప కాదు, ఆపెయ్యాలి.

ఒక హెచ్చరిక. నెలసరి అటూ ఇటూ అవుతున్నంత మాత్రాన గర్భం రాదని కాదు. వరసగా 12 నెలలు రాకపోతేనే మెనోపాజ్ అంటారు. ఈలోపు గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా రెటినాల్ జోలికి వెళ్లకండి. ముఖం ఎప్పుడూ ఎర్రగా ఉండేవాళ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు కూడా అంతే.

చివరిగా ఒక్క మాట. ఈ కథ మొత్తంలో నన్ను వెంటాడింది ఒకటే. హోమ్స్‌బర్గ్‌లో ఖైదీలకి ఏం రాస్తున్నారో చెప్పలేదు. వాళ్లకి జరిగిందానికీ మా ఇంట్లో జరిగిందానికీ పోలిక పెట్టను, అది చాలా పెద్ద అన్యాయం. కానీ అడగడం అన్న చిన్న పని నేనూ చెయ్యలేదు. నీకు ముడతలు పోవాలని ఉందా అమ్మా అని కూడా అడగలేదు.

మొన్న అడిగా. "ముడతలతో నాకేం ఇబ్బంది లేదురా. చర్మం దురద పెట్టకుండా, రాత్రి ఆవిర్లు లేకుండా నిద్ర పడితే చాలు" అంది. మరుసటి వారం ఇద్దరం గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. బయట కుర్చీల్లో నేనొక్కణ్నే కొడుకుని. అమ్మ కొంచెం సిగ్గుపడింది, నేనూ పడ్డా. రెటినాల్ ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, అది కూడా అమ్మకి గుర్తుంటేనే.

ఈ వీడియో మీ అమ్మకి, పిన్నికి, అత్తకి పంపించండి. పంపే ముందు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నావ్ అని అడగండి. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటా!