తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఈ-వ్యర్థాలు: తగ్గింపు, ప్రజా అవగాహన

కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచి, పాడైపోయో పాతబడిపోయో మూలన పడ్డ వస్తువులను ఈ-వ్యర్థాలు అంటారు. సెల్‌ఫోను, కంప్యూటరు, టీవీ, ఫ్రిజ్, ట్యూబులైటు వంటి 106 రకాల వస్తువులు 2022 నాటి కేంద్ర నిబంధనల జాబితాలో ఉన్నాయి. ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లాలు వేరైనా మూడు ఊళ్ళకూ నీరు కృష్ణా డెల్టాదే. తెనాలి మధ్యగా పారే కాలువలు పొలాలను తడుపుతూ సముద్రం వైపు సాగుతాయి. అందుకే ఇక్కడ కాలువ గట్టున పారేసిన బ్యాటరీ ఒక్క వీధి సమస్యగా మిగలదు.

తుక్కు విలువ, తుక్కు విషం

పాత వస్తువుకు విలువ ఉంటుందని తెనాలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప తుక్కుతో పెద్ద పెద్ద విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. సుమారు 75,000 నట్లతో చేసిన పదడుగుల గాంధీ విగ్రహం వాటిలో ఒకటి. అయితే నట్లూ బోల్టులూ చేతికి హాని చెయ్యవు, సర్క్యూట్ బోర్డు సంగతి వేరు. టన్ను పాత ఫోన్లలో 200 గ్రాములకు పైగా బంగారం ఉంటుంది. దాన్ని ఇంటి వెనక యాసిడ్‌తో తీయబోతే ఆ పొగ ఊపిరితిత్తుల్లోకీ, మిగిలిన ద్రవం మురుక్కాలువలోకీ పోతాయి.

అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది రాగి కోసం వైర్లు కాల్చడం. నల్లటి ప్లాస్టిక్ తొడుగు కరిగి, బుడగలు కట్టి, ఘాటైన పొగ లేస్తుంది. మంట ఆరాక బూడిదలోంచి ఎర్రటి తీగ బయటపడుతుంది. ఆ తొడుగు చాలావరకు పీవీసీ. బయట మంటలో కాలిస్తే డయాక్సిన్లు పుడతాయి. పాత డబ్బా టీవీ గాజులో సీసం, ట్యూబులైటులో పాదరసం ఉంటాయి. పగలగొట్టినవాడి తర్వాత వాటిని ముందుగా పీల్చేది పక్కన ఆడుకునే పిల్లలే.

మరమ్మతు అనే పాత అలవాటు

తగ్గింపు అంటే ముందుగా కొనడం తగ్గించడం, ఆ తర్వాత ఉన్నదాన్ని ఎక్కువ కాలం వాడటం. ఈ రెండోది ఈ ప్రాంతానికి కొత్త కాదు. మోటారు కాలిపోతే రైతు కొత్తది కొనడు, వైండింగ్ షాపుకు తీసుకెళ్తాడు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లదీ అదే దారి. ఫోను దగ్గరికి వచ్చేసరికే ఈ అలవాటు తప్పిపోయింది. బ్యాటరీ మారిస్తే ఇంకో రెండేళ్ళు నడిచే ఫోను బీరువాలో చేరుతోంది. అవగాహన కార్యక్రమాలు విషాల జాబితా చదవడం కన్నా ఈ మరమ్మతు షాపులను ముందుకు తేవడమే మంచిది.

ఎక్కడ ఇవ్వాలి?

జనానికి తెలియనిది ఇదే. 2011, 2016 నిబంధనల్లో సేకరణ కేంద్రాలకు ప్రత్యేక స్థానం ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు తయారీదారులు, ఉత్పత్తిదారులు, రీఫర్బిషర్లు (పాతవాటిని బాగుచేసేవారు), రీసైక్లర్లను మాత్రమే నమోదు చేస్తాయి. రీసైక్లింగ్ లక్ష్యాలను చేరుకోవాల్సిన బాధ్యత ఉత్పత్తిదారులది. ఏడాదిలో వెయ్యి పరికరాలకు తక్కువ కాకుండా వాడే సంస్థలే, నమోదైనవారికి మాత్రమే ఈ-వ్యర్థాలను అప్పగించాల్సిన భారీ వినియోగదారులు. చిన్న ఊళ్ళలోని బ్యాంకు శాఖలూ, బడులూ, దుకాణాలూ విడివిడిగా ఈ హద్దు దాటడం అరుదు. కాబట్టి వాటి పాత కంప్యూటర్లు సులువుగా పాత సామాన్ల బండి ఎక్కేస్తాయి. బండి మనిషిని దోషిగా చూడటం అన్యాయం. గడప దాకా వచ్చి డబ్బిచ్చి తీసుకెళ్ళేది అతనొక్కడే. అతని దగ్గరి సరుకు నమోదైన రీసైక్లరుకు చేరేలా మున్సిపాలిటీ దారి చూపాలి.

ఇంటింటి మార్పిడి ఇక్కడ ఒకసారి జరిగింది కూడా. 2014-15లో, ఈ మూడు ఊళ్ళూ గుంటూరు జిల్లాలోనే ఉన్నప్పుడు, పాత బల్బులు తీసుకుని పది రూపాయలకొకటి చొప్పున ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చే పథకం రాష్ట్రంలో మొదట అమలైన నాలుగు జిల్లాల్లో ఆ జిల్లా ఒకటి. పాతది తెస్తేనే కొత్తది అన్నదే అప్పటి షరతు. ఆనాటి ఎల్‌ఈడీల్లో మాడిపోయినవి ఇప్పుడు తడిచెత్త, పొడిచెత్త బుట్టల మధ్య తికమక పెడుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో 2025 ఏప్రిల్ మూడో శనివారానికి ఈ-వ్యర్థాలనే అంశంగా తీసుకున్నారు. ఏడాదికి ఒక రోజు చాలదు. అదే వార్డులో, అదే చోట, నెలనెలా పెట్టె పెడితేనే జనానికి గుర్తుంటుంది.

ఫోను ఇచ్చేముందు అందులోని ఫొటోలూ బ్యాంకు వివరాలూ వేరేచోట దాచుకుని, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ము, మెమరీ కార్డు తీసెయ్యాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు. పొడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచి, మంటకూ ఎండకూ దూరంగా పెట్టి, వీలైనంత త్వరగా సేకరించేవారికి అప్పగించాలి.