మధ్య ఆస్ట్రేలియా ఆదివాసీ ఆవాసాలు: సముచిత సాంకేతికత, నిర్వహణ

ఉపోద్ఘాతం

1970వ దశకంలో ఆస్ట్రేలియా ఆదివాసులు అనేకులు మిషన్లను, ప్రభుత్వ స్థావరాలను వీడి తమ పూర్వికుల భూములకు మరలసాగారు. నార్తర్న్ టెరిటరీలో 1976 నాటి ఆదివాసీ భూహక్కుల చట్టం, దక్షిణ ఆస్ట్రేలియాలో 1981 నాటి పిట్జంట్జట్జర భూహక్కుల చట్టం వారికి చట్టబద్ధమైన ఆధారాన్నిచ్చాయి. భూమి దక్కినా, పట్టణాలకు దూరంగా ఎడారిలో నీరు, విద్యుత్తు, పారిశుద్ధ్యం సమకూర్చుకోవడం సమస్యగానే మిగిలింది.

సాధనాల రూపకల్పన

స్థానిక అవసరానికి, వనరులకు తగిన సాధనమే మేలన్నది సముచిత సాంకేతికతా వాదం. ఈ దృష్టితో 1980లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో సెంటర్ ఫర్ అప్రోప్రియేట్ టెక్నాలజీ ఏర్పడింది. చేతితో నడిపే బట్టలుతికే యంత్రం, గాలి ప్రసరించే గుంట మరుగుదొడ్డి వంటి సరళ సాధనాలతో మొదలైన ఈ సంస్థ, 2002లో బుష్‌లైట్ పథకం ద్వారా మారుమూల ఆవాసాలకు సౌరవిద్యుత్తును అందించసాగింది. ఏ అవసరాలకు ఎంత విద్యుత్తు కావాలో నివాసులే ముందుగా నిర్ణయించుకోవడం ఆ పథకంలోని విశేషం.

ఇల్లు - ఆరోగ్యం

ఙనంపా హెల్త్ కౌన్సిల్ 1987లో వెలువరించిన నివేదిక చర్చను సాధనం నుండి ఆరోగ్యానికి మళ్ళించింది. ఆదివాసీ నాయకుడు యామీ లెస్టర్ ప్రోద్బలంతో ఒక వైద్యుడు, ఒక వాస్తుశిల్పి, ఒక పర్యావరణ ఆరోగ్య కార్యకర్త కలసి జరిపిన అధ్యయనమిది. ఆరోగ్యానికి అవసరమైన తొమ్మిది జీవనవిధానాలను ఇది వరుసక్రమంలో పేర్కొన్నది. అందులో మొదటిది స్నానం. ముఖ్యంగా పసిపిల్లలకు రోజూ నీళ్ళు పోయడం. ట్రకోమా, చర్మవ్యాధులు, విరేచనాలు ప్రబలిన చోట పనిచేసే కుళాయి సైతం వైద్యసాధనమే.

ఈ పద్ధతిలో తరువాత వేలాది ఇళ్ళలో మరమ్మతులు జరిగాయి. నివాసులే ఇళ్ళను పాడుచేస్తారన్న ప్రచారాన్ని ఆ లెక్కలు తోసిపుచ్చాయి. లోపాలలో సుమారు 70 శాతానికి క్రమబద్ధ నిర్వహణ లేకపోవడం, 20 శాతానికి నాసిరకపు నిర్మాణం కారణాలు. నివాసుల దుర్వినియోగం 10 శాతం లోపే. న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్యశాఖ 2010లో ప్రకటించిన మూల్యాంకనం ప్రకారం, మరమ్మతులు జరిగిన ఇళ్ళవారు అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరడం, ఆ సౌకర్యం లేని గ్రామీణ ఆదివాసులతో పోలిస్తే 40 శాతం తక్కువ.

ముగింపు

సాధనం సరళమైనంత మాత్రాన అభివృద్ధి సుస్థిరం కాదు. చెడిన కుళాయిని బాగుచేసే మనిషి, విడిభాగం, ఏటేటా నిధులు ఆ సాంకేతికతలో భాగాలే. వాటిని విస్మరించి నివాసులను నిందించడం పాలనా వైఫల్యాన్ని సంస్కృతికి అంటగట్టడమే అవుతుంది.